మట్టిమనిషికి అర దొరకలేదు

మా ఇంటి ముందు జీపు ఆగితే నేను ముందు గ్యాసు బండ కట్టేస్తాను, తరవాత తలుపు తీస్తాను. ఆ రోజూ అలాగే చేశాను.

జీపులోంచి దిగినాయన మెడలో దండ లేకపోయినా ఉన్నట్టే నడుచుకుంటూ వచ్చి, "హదస్సా గారి మాతృమూర్తి తమరేనా?" అని అడిగాడు.

మాతృమూర్తి అన్నారంటే పిల్లకి ఏదో అయిందన్నమాటే. ఆస్పత్రి వాళ్లు, పోలీసులు, పేపరు వాళ్లు, వీళ్లు ముగ్గురే ఆ మాట వాడతారు. నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను.

"శుభవార్త. తమ కుమార్తె రచించిన గ్రంథము ఎంపికైనది," అన్నాడాయన. ఆయన పేరు వల్లభేశ్వరరావు. సమ్మిళిత పఠనోత్సవ ప్రత్యేకాధికారి. జిల్లాలో ఉన్న శాఖా గ్రంథాలయాలన్నిటిలోనూ మా అమ్మాయి పుస్తకం పెడతారట.

నేను గుమ్మం వదిలి గడప మీద కూర్చున్నాను.

మా సంగతి కొంచెం చెప్పాలి. మేం యూదులం. గుంటూరు పక్కన మిరపకాయల ఘాటులో పుట్టి పెరిగిన తెలుగు యూదులం. ఊళ్లో కొందరు మమ్మల్ని చర్చి వాళ్లనుకుంటారు, శనివారం చర్చి అని సర్దుకుంటారు మరికొందరు. ఆడవాళ్లం కోల్డు స్టోరేజీల దగ్గర కాయకు తొడిమలు తీస్తాం, బస్తాలు కుడతాం. హదస్సా మాత్రం తెనాలిలో ఒక ప్రైవేటు స్కూల్లో సోషలు చెబుతుంది. ఇంటరు చదివే పిల్లల కోసమని ఒక నవల రాసింది. పేరు 'బందరు రేవులో మట్టిమనిషి'.

కథ గోల్కొండ సుల్తానుల కాలంనాటిది. వజ్రాలు కొనడానికి ఓడలో వచ్చిన యూదు వర్తకుడి కూతురు షిఫ్రా. రేవులో పడవ నడిపే పిల్ల గంగ. ఇద్దరూ కలిసి కృష్ణ ఒండ్రుతో ఒక మట్టిమనిషిని చేస్తారు. నుదుటి మీద ఒక మాట రాస్తే లేచి నడుస్తాడు, చెరిపేస్తే మట్టి. రేవు దారోగా ఈ ఆడపిల్లలిద్దర్నీ విడదీయాలని చూస్తాడు. ఎందుకంటే వాళ్లు ఒకరినొకరు ప్రేమించుకున్నారు. నేను అక్కడిదాకా చదివి పుస్తకాన్ని బియ్యం డబ్బాలో పెట్టేశాను.

కథలో పిల్లల గురించయితే నాకు భయం లేదు, వాళ్లు ఎప్పుడో నాలుగొందల ఏళ్ల కిందటివాళ్లు. నా భయం నా పిల్ల గురించి. ఆ పుస్తకానికి బొమ్మలేసిన ఇందుమతి తెనాలి ప్రెస్సులో పని చేస్తుంది. ఒకరోజు నేను కందిపప్పు ఏరుతుంటే హదస్సా వచ్చి పక్కన కూర్చుని, "అమ్మా, ఇందు నాకు స్నేహితురాలు మాత్రమే కాదు," అంది. నేను ఏరిన రాళ్లన్నీ మళ్లీ పప్పులో కలిపేశాను. ఆనాటి నుంచి నాకు ఒకటే దిగులు. ఊరికి తెలిస్తే దీన్ని ఏం చేస్తారో, ప్రార్థన మందిరంలోకి రానిస్తారో లేదో, స్కూల్లో ఉంచుతారో లేదో. ఇప్పుడు ఆ పుస్తకం జిల్లా అంతా చదువుతుందట.

"ఎందుకండీ మా పిల్ల పుస్తకమే?" అని అడిగాను.

"ఈ సంవత్సరము మాకు ఐదు లక్ష్యములు నిర్దేశింపబడినవి," అన్నాడాయన. "ప్రాచీన చరిత్ర, అల్పసంఖ్యాక మతములు, మాయామంత్రములు, యువజన వికాసము మరియు ఇతరములు. ఒక్కొక్క లక్ష్యమునకు ఒక్కొక్క గ్రంథము ఉండవలెను. మంజూరైనది మాత్రము ఒక్క గ్రంథమే. తమ కుమార్తె గ్రంథమున ఐదునూ కలవు. ఇది దైవికము."

"ఇతరములు అంటే ఏందండీ?"

ఆయన గొంతు తగ్గించాడు. "ఆ బాలికలిరువురి పరస్పర సౌహార్దము. ఆ శీర్షిక క్రింద ప్రస్తుతము ఊరగాయలు, ఈత, ఇదియును ఉన్నవి."

వారం తిరక్కుండా మా ఊరి శాఖా గ్రంథాలయంలో సభ పెట్టారు. బ్యానరు కట్టారు. హదస్సా, ఇందుమతి తెనాలి నుంచి స్కూటీ మీద వచ్చారు. ఇద్దరూ ఒకే రంగు చీరలు కట్టుకున్నారు. నేను హదస్సాని పక్కకి లాగి, "ఆ పిల్లని వెనక వరసలో కూర్చోమను," అన్నాను.

"బొమ్మలు తనేగా వేసింది, అమ్మా."

"బొమ్మలు వెనక వరసలో నుంచి కూడా కనపడతాయి."

వేదిక మీద బల్ల వేశారు. దాని మీద కొత్త పుస్తకాల దొంతరలు, పక్కన చెక్క స్కేలు, తోలు కోసే కత్తి. రిబ్బను కోయడానికేమో అని నన్ను నేను సముదాయించుకున్నాను.

వల్లభేశ్వరరావు గారు మైకు సవరించుకున్నారు. "ఒక గ్రంథము, ఒక విషయము, ఒక అర. ఇది మన సంస్థ మూలసూత్రము. ఈ గ్రంథమున ఐదు విషయములు కలవు గనుక దీనిని చరిత్ర అరలో ఉంచిన మతము నొచ్చుకొనును. మతము అరలో ఉంచిన యువజనులు నొచ్చుకొందురు. సమ్మిళితమనగా ఎవరికిని నొప్పి కలుగకుండుట. కావున విషయ విభజన గావించుచున్నాము."

బల్ల పక్కన నిలబడ్డ బైండరు కత్తి తీసుకున్నాడు.

హదస్సా లేచింది. "అయ్యా, కోయబాకండి. మొత్తంగా ఒకచోట పెడితే ఏమైద్ది?"

"రచయిత్రి భావోద్వేగము మేము గౌరవించుచున్నాము," అన్నాడాయన. "కోత యథావిధిగా జరుగును."

మొదటి పేజీలు తేలిగ్గానే తెగాయి. ఓడ రావడం చరిత్ర. షిఫ్రాకి పదిహేడేళ్లు నిండటం యువజన వికాసం. చిక్కు మట్టిమనిషి దగ్గర వచ్చింది. అతని ఒళ్లు మాయామంత్రాలలోకి వెళ్తుంది, నుదుటి మీది మాట మతంలోకి వెళ్తుంది. రెండూ వేర్వేరు అరల్లో ఉంటే అతను లేచి నిలబడేదెట్లా అని ఇందుమతి వెనక వరసలో నుంచి అడిగింది.

"నిలబడుట పాఠకుని బాధ్యత," అన్నాడాయన.

ఇంకో పేజీలో షిఫ్రా శుక్రవారం సాయంత్రం దీపం వెలిగించి, కుడిచేత్తో కళ్లు మూసుకుని ప్రార్థన చెబుతూ ఎడమచేత్తో గంగ చెయ్యి పట్టుకుంటుంది. బైండరు కత్తి గాలిలో ఆపి ఆయన వంక చూశాడు. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని చదివి, "కుడిచేయి మతము. ఎడమచేయి ఇతరములు," అని తీర్పు చెప్పాడు. వాక్యాన్ని నడిమికి కోశారు. అలా జిల్లాకి వచ్చిన ప్రతులన్నీ కోశారు.

హదస్సా ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకుంది. "కోడిని కొట్టినట్టు కొట్టారమ్మా," అంది. "రెక్క ఒకళ్లకి, కాలు ఒకళ్లకి."

నేను తల నిమిరాను. పైకి అయ్యో అన్నాను గానీ లోపల నాకు పెద్ద బరువు దిగింది. ఎందుకంటే ఇతరములకు మంజూరైన అర ఇంకా రాలేదట. అది వచ్చేదాకా ఆ ముక్కలన్నిటినీ ఇనుప బీరువాలో పెట్టి తాళం వేశారు. తాళంచెవి జిల్లా కార్యాలయంలో ఉంది. నాకు ఆ తాళం మీద కుదిరిన నమ్మకం మా ఆయన మీద కూడా ఎప్పుడూ కుదరలేదు.

పుస్తకం బాగానే చదివారు. చరిత్ర అర దగ్గర చదివినవాళ్లు బందరుకి ఓడ వచ్చి ఎవరూ ఎక్కకుండా వెళ్లిపోయిందని చెప్పుకున్నారు. యువజన వికాసం చదివిన ఇంటరు పిల్లలు, షిఫ్రా పద్దెనిమిదో ఏట ఏడుస్తుందని, కారణం వేరే అరలో ఉందని చెప్పుకున్నారు. మాయామంత్రాలు చదివిన మా తోడికోడలు రాహేలమ్మ, "అక్కా, ఆ మట్టోడు ఇద్దరాడపిల్లల్ని వీపున మోసుకుని సముద్రంలో దిగాడే. ఎందుకు దిగాడు?" అని నన్ను నిలేసింది.

"నాకేం తెలుసు. ఎండకేమో," అన్నాను.

ఈ లోగా బజ్జీల బండి దగ్గర గొడవ జరిగింది. పుస్తకాల కోతలో మిగిలిన కాగితం పేలికలు గోతాంలో పోసి ఎవరో ఆ బండికి అమ్మేశారు. మా ఎల్కానా మావయ్య నాలుగు మిరపకాయ బజ్జీలు కొనుక్కుని, తింటూ తింటూ పొట్లం మీద నూనె మరకల్లోంచి తెలిసిన మాటలేవో ఉన్నట్టనిపించి ముఖానికి దగ్గరగా పెట్టుకుని చూశాడు. ప్రార్థన. అందులో దేవుడి పేరు.

ఎల్కానా మావయ్య మా ప్రార్థన మందిరానికి పెద్ద. రెండు కళ్లలోనూ శుక్లాలు. మాలో ఒక ఆచారం ఉంది. దేవుడి పేరు రాసి ఉన్న కాగితం చిరిగిపోయినా, పాతబడిపోయినా పారెయ్యకూడదు, కాల్చకూడదు. మనిషిని పూడ్చినట్టే సమాధుల తోటలో పూడ్చాలి. మావయ్య బజ్జీ అక్కడే వదిలేసి, కుర్రాళ్లని తీసుకెళ్లి బండి దగ్గరున్న పేలికలన్నీ ఏరించాడు. మర్నాడు పొద్దున మేమంతా వెళ్లి, కీర్తన చదివి, గుంట తీసి పూడ్చాం. కొంచెం నూనె వాసన వచ్చింది.

సాయంత్రానికి జీపు వచ్చింది. నేను గ్యాసు కట్టేశాను.

"ప్రభుత్వ ఆస్తి భూస్థాపితమైనట్లు మా దృష్టికి వచ్చినది," అన్నాడు వల్లభేశ్వరరావు గారు. సమాధుల తోటలో మట్టి వంక చాలాసేపు చూశాడు. "తనిఖీ వారు వచ్చి గ్రంథభాగములెక్కడ అని అడిగిన నేనేమి చూపవలెను?"

"తవ్వకూడదయ్యా," అన్నాడు ఎల్కానా మావయ్య. "మా ఆచారం."

"ఎంతమాట. అల్పసంఖ్యాక ఆచారమునకు భంగము కలిగించిన మా ఉత్సవమునకు అర్థమేమి?" ఆయన అటూ ఇటూ నడిచి, చివరికి మా అత్తగారి సమాధి దగ్గర ఆగాడు. "మార్గము కలదు. గ్రంథములు ఎక్కడ భద్రపరుపబడునో అది గ్రంథాలయము. ఇక్కడ భద్రపరుపబడినవి. కావున ఇది గ్రంథాలయము."

అలా మా సమాధుల తోట భూగర్భ శాఖా గ్రంథాలయం అయింది. గేటుకి నీలం బోర్డు పెట్టారు. పనివేళలు రాశారు. నిశ్శబ్దం పాటించవలెనని రాశారు. రెండు కుర్చీలు వేశారు, ఒక ఫ్యాను పంపారు, కరెంటు లేదు గనక దాన్ని గోడకి ఆనించారు. నెల తిరక్కుండానే జిల్లాలో నిశ్శబ్దం ఉత్తమంగా పాటించిన శాఖగా దానికి జ్ఞాపిక వచ్చింది. మిగిలిన శాఖల వాళ్లు అసూయపడ్డారని విన్నాను.

అక్కడితో ఆగితే బాగుండేది. ఆగదని నాకు తెలుసు. ఏదైనా ఆగుతుందని ఇంతవరకూ ఎవరన్నా నాకు చెబితే నమ్మలేదు.

శాఖ అన్న తరవాత ఐదు విషయాలూ ఉండాలి కదా. పైగా ఈ శాఖలో అరలే లేవు గనక, అర లేని ఇతరములకు ఇంతకంటే తగిన చోటు లేదని జిల్లా కార్యాలయం తేల్చింది. బీరువా తెరిచారు. తాళం మీద నమ్మకం పెట్టుకున్నందుకు నా చెంపలు నేనే వాయించుకున్నాను. ఐదు రకాల ముక్కలూ, జిల్లా అంతటి నుంచీ, గోతాల్లో మా సమాధుల తోటకి వచ్చాయి.

"తమ ఆచారము ప్రకారము భద్రపరచుడు," అన్నాడు వల్లభేశ్వరరావు గారు, కుర్చీలో కూర్చుంటూ.

"అన్నీ పూడ్చం గదా," అన్నాడు మావయ్య. "ఆ పేరు ఉన్న కాగితమే పూడుస్తాం. లేనిదాన్ని పూడిస్తే దానికి విలువేముంది? ఏ ముక్కలో ఉందో, ఏ ముక్కలో లేదో చదివి చూడాలి."

"మిగిలినవి?"

"బజ్జీల బండికి ఇచ్చుకోండి."

మా మనుషులంతా వచ్చి సమాధుల మధ్య కూర్చున్నారు. హదస్సా, ఇందుమతి కూడా వచ్చారు, మందారచెట్టు కింద ఎడంగా నిలబడ్డారు. చదివేదెవరు? మావయ్యకి చూపు ఆనదు. రాసిన మనిషి తన రాతకి తానే సాక్ష్యం చెప్పకూడదని హదస్సాని వద్దన్నారు. "రిబ్కమ్మా, నువ్వు ఏడు చదివావుగా, రా," అన్నాడు మావయ్య నా వైపు తిరిగి.

కడుపులో నొప్పన్నాను. కూర్చుని చదవమన్నాడు.

పద్ధతి ఏమిటంటే, నేను పైకి చదువుతాను. ఆ పేరు మాలో ఎవరూ నోటితో పలకరు. అది వచ్చినచోట నేను ఆగాలి. ఆగితే మావయ్య వేలెత్తుతాడు. వేలెత్తితే ఆ ముక్క ఎడమ గంపలోకి, అంటే పూడ్చడానికి. వేలు ఎత్తకపోతే కుడి గంపలోకి, అంటే బజ్జీలకి. హదస్సా అన్ని ప్రతుల ముక్కలనూ కథ వరసలో దొంతరలు పేర్చింది, పై ముక్క చదివితే ఆ దొంతరంతా ఒకే గంపలోకి. ఆ విధంగా మా అమ్మాయి పుస్తకాన్ని మొదటి నుంచి చివరిదాకా వినడం జిల్లాలో అదే మొదలు.

ఓడ వచ్చింది. గంగ తెడ్డు వేసింది. ప్రార్థన దగ్గర ఆగాను, వేలు లేచింది. మట్టిమనిషి కళ్లు తెరిచాడు. పిల్లలు ముందుకు జరిగారు. కుడిగంప నిండుతోంది, ఎడమగంపలో నాలుగు దొంతరలు పడ్డాయి. తరవాత దీపం పేజీ వచ్చింది. కుడిచేయి చదివాను, ఆగాను, వేలు లేచింది. ఎడమచేయి ముక్క తీసుకున్నాను.

"షిఫ్రా ఎడమచేత్తో..." అని ఆగిపోయాను.

మందారచెట్టు వైపు చూడకూడదనుకుంటూనే చూశాను. హదస్సా నేల చూపులు చూస్తోంది. ఇక్కడ కూర్చున్నవాళ్లలో సగం మంది చేతుల్లో పెరిగిన పిల్ల. రేపు వీళ్లు దాని ముఖం చూస్తారో లేదో నా నోట్లో ఉంది.

మావయ్య వేలెత్తాడు.

నేను ఇంకా ఆగే ఉన్నాను. ఆయన వేలు ఇంకా గాలిలోనే ఉంది.

"ఇంతసేపు ఆగావు, ఎన్నిసార్లుంది ఆ పేరు?" అన్నాడు.

ఉందంటే అయిపోయేది. ఆ ముక్క ఎడమ గంపలో పడి, ఎవరూ వినకుండా మట్టిలోకి పోయేది. కానీ ఆ పేరు మీద అబద్ధమాడితే ఏమవుతుందో అన్న భయం, ఊరేమంటుందో అన్న భయం, రెండూ ఒకేసారి వచ్చాయి. మొదటిదే పెద్దదిగా తోచింది.

"ఆ పేరు లేదు మావయ్యా. భయమేసి ఆగా."

"కాగితానికి భయమేంది?"

"మా పిల్ల రాసిందిగా."

"అయితే చదువు."

చదివాను. షిఫ్రా గంగ చెయ్యి పట్టుకోవడం చదివాను. గంగ ఆ చెయ్యి వదలకపోవడం చదివాను. ఇద్దరూ ఏం చెప్పుకున్నారో, బియ్యం డబ్బాలో పెట్టేసిన తరవాతిదంతా, నేనూ అప్పుడే మొదటిసారి చదువుతూ చదివాను. రాహేలమ్మ "ఛీ" అని లేచింది. ఆమె వెనకే చాలామంది లేచి గేటు దాటి వెళ్లారు. వెళ్లినవాళ్లు గోడ అవతల నిలబడి విన్నారు. దారోగా పడవలు చుట్టుముట్టినప్పుడు నా గొంతు తగ్గితే గోడ అవతల నుంచి రాహేలమ్మే, "గట్టిగా చదువు, సగం వినపడి చావట్లా," అంది.

ఎత్తిన వేలు మావయ్య దించలేదు. మరిచిపోయాడో, కావాలని ఉంచాడో నాకు తెలియదు. వేలు లేచి ఉంటే ఎడమ గంప, అదే పద్ధతి. ఆ పేజీ నుంచి చివరిదాకా ప్రతి ముక్కా ఎడమ గంపలోనే పడింది.

మట్టిమనిషి నుదుటి మీది మాట ఉప్పునీటికి కరిగిపోయి, అతను ఒక దీవై, ఆ దీవి మీద ఇద్దరు పిల్లలూ ఒడ్డెక్కి నిలబడటంతో పుస్తకం అయిపోయింది. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు.

"నిశ్శబ్దము శ్లాఘనీయము," అన్నాడు వల్లభేశ్వరరావు గారు. "ఇక భూస్థాపితము కానిండు."

మావయ్య గంపలో చెయ్యి పెట్టి ముక్కలు తడిమాడు. "ఇది పాతబడి చిరిగింది కాదు, కత్తితో కోసింది," అన్నాడు. "పనికిరానిదాన్ని పూడుస్తాం. కుట్టి చూడకుండా ఇది పనికిరాదని నేనెట్టా చెప్పను? దబ్బనాలు తేండమ్మా, ఆ కుడి గంప కూడా ఇటు తేండి."

బస్తాలు కుట్టే దబ్బనాలు, పురికొసలు వచ్చాయి. మా ఆడవాళ్లు కూర్చున్నారు. గోడ అవతలివాళ్లూ కొందరు వచ్చి కూర్చున్నారు, మాట్లాడకుండా. చేతిలో పని ఉంటే ముఖాలు చూసుకోనక్కర్లేదు. దీపం పేజీలో రెండు చేతుల్నీ నేనే కలిపి కుట్టాను. కుట్టు లావుగా వచ్చింది.

కుట్టిన పుస్తకాలు చూసి వల్లభేశ్వరరావు గారు తల పట్టుకున్నారు. మళ్లీ ఐదు విషయాలున్నాయి, మళ్లీ ఏ అరలోనూ పట్టవు. కోయడానికి నిధులు అయిపోయాయి. పూడ్చడానికి పెద్దలు ఒప్పుకోరు. జిల్లాకి రాశారు, జిల్లా పైకి రాసింది. చివరికి ఉత్తర్వు వచ్చింది. ఆయనే గేటు దగ్గర నిలబడి చదివారు.

"సదరు గ్రంథమునకు తగిన అర లేనందున, అది ఏ అరయందును ఎంతమాత్రము ఉండరాదు. సర్వకాల సర్వావస్థలయందును ఎవరో ఒక పాఠకుని హస్తమునందే ఉండవలెను. ఒకరు ముగించిన వెంటనే మరొకరికి అందజేయవలెను. గ్రంథము ఖాళీగా కనబడినచో సంబంధిత అధికారిపై చర్య తీసికొనబడును."

అప్పటి నుంచి ఆయన జీపు వేసుకుని ఊరూరా తిరుగుతూ, చదవనివాళ్ల చేతుల్లో కూడా ఆ పుస్తకం పెడుతున్నాడు. పెళ్లిళ్లలో పెడుతున్నాడు. బస్టాండులో పెడుతున్నాడు. అన్ని లక్ష్యాలూ సాధించిన ఏకైక జిల్లా మాదేనట.

ఊరు ఏమందంటే, రకరకాలుగా అంది. మందిరంలో ఒకాయన మమ్మల్ని చూసి పక్క వరసలోకి జరిగాడు, తరవాతి వారం ఆ వరసలో ఫ్యాను లేదని తిరిగొచ్చాడు. స్కూలు వాళ్లు హదస్సాని పిలిచి మాట్లాడారు. నేను ఆ పొద్దంతా ఏమీ తినలేదు. అసలు సంగతి, ప్రత్యేకాధికారి వాళ్ల చేతుల్లో కూడా పుస్తకం పెట్టి వెళ్లాడు, చదివాక దాన్ని ఎవరికి అందజేయాలో చెప్పమని హదస్సాని అడిగారు, అంతే. రాహేలమ్మ నాతో ఇప్పటికీ మాట్లాడదు. ఒక పుస్తకం మాత్రం ఆవిడ దగ్గరే ఉంది, ఇవ్వదు.

శుక్రవారం పొద్దు వాలితే మాకు షబ్బాతు, శనివారం చీకటి పడేదాకా పనీ ప్రయాణమూ ఉండవు. మొన్న శుక్రవారం హదస్సా, ఇందుమతి వచ్చారు. నేను పులుసు దించేసరికి పొద్దు వాలిపోతోంది. ఇందుమతి స్కూటీ తాళం చేతిలో పట్టుకుని, "వెళ్లొస్తానండీ, చీకటి పడితే బైపాసు మీద కష్టం," అంది.

నాకు బైపాసు కనపడింది. మిరపకాయ లారీలు, లైట్లు లేని ట్రాక్టర్లు, రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం, అన్నీ కనపడ్డాయి.

"దీపాలు పెట్టే వేళయింది. షబ్బాతు మొదలయ్యాక బండెక్కకూడదు," అన్నాను. "రేపు చుక్కలు పొడిచేదాకా ఎక్కడికీ పోయేది లేదు."

హదస్సా నా వంక చూసింది. "ఆ నియమం మనింట్లో వాళ్లకే కదమ్మా."

"నేను చెప్పేదీ అదే," అన్నాను. "తాళం గూట్లో పెట్టి కాళ్లు కడుక్కోమను. పులుసు చల్లారిపోతోంది."